పక్క మంచం బిడ్డ

జిల్లా ఆఫీసు, రెండో అంతస్తు
వానలు మొదలైన వారం

అక్కా,

ముందు మంచి కబురు, తర్వాత తిట్లు. జిల్లా మొత్తం మీద ఏడేళ్లుగా పుట్టిన బిడ్డ ఒక్కటి కూడా నెలలోపు పోని ప్రసవ కేంద్రం ఒకే ఒక్కటి ఉందట. అది నీదట. పెద్దసారు పట్టిక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశారు. చలికాలంలో జరిగే సభలో నీకు ప్రశంసాపత్రం ఇప్పిస్తానన్నారు. ఆవిడ మా అక్కేనండీ అని నేను నోరు తెరిచేలోపే ఆఫీసంతా చెప్పేసింది. నేను మాత్రం ఎవరికీ చెప్పనట్టు మొహం పెట్టి కూర్చున్నాను.

ఇక తిట్లు. మందుల జీపు వారం వారం నీ దగ్గరికి వచ్చి ఖాళీ పెట్టెలతో తిరిగొస్తోంది. ఆ పెట్టెలో ఒక కాగితం ముక్క పడెయ్యడానికి నీకు చేతులు రావు. చెల్లెలు బతికుందో లేదో చూసుకోవా?

సభలో నీ చేత మాట్లాడిస్తారేమో. నువ్వు ఆ కేంద్రానికి వచ్చిన కొత్తలో నేను నీకు నేర్పిన కిటుకు గురించి మాత్రం పొరపాటున కూడా నోరు జారకు. ఊపిరి పీల్చి పోయిన బిడ్డకైతే ఎనిమిది పేజీల ఫారం, విచారణ, ఆపైన మెమో. చచ్చి పుట్టిన బిడ్డకైతే రిజిస్టరులో ఒక్క లైను. నువ్వు మొదటి మెమో అందుకుని ఏడుస్తుంటే, "రెండు ఊపిరులు తీసినంతమాత్రాన బతికినట్టా, ఒక్క లైను రాసి పారెయ్" అని నేనే రాశాను. అప్పట్నుంచి నీకు మెమో రాలేదు, చూశావా.

ఇంకో సంగతి. మీ ఊరి నుంచి బుట్టలల్లే ఆమె ఒకతె వచ్చి మా మెట్ల మీద కూర్చుంది. వేళ్ళ నిండా గీతలు. పోయిన చలికాలం నీ దగ్గరే కాన్పయిందట, బిడ్డ చచ్చి పుట్టిందని నువ్వు రాశావట. కాదు, నా కొడుకు ఏడ్చాడు, ఆ రాత మార్చండి అంటుంది. మార్చి ఏం చేసుకుంటావమ్మా అన్నాను. వాళ్ళత్త నీ కడుపులోనే బిడ్డలు చస్తారు అంటోందట. ఇప్పుడు మళ్ళీ మూడో నెల. ఈసారి కూడా అలాగే పుడితే ఇంట్లోంచి పంపించేస్తారట.

నేను చెప్పాల్సింది చెప్పి పంపాను. "నాక్కూడా అలాగే పుట్టింది. నాకూ ఏడుపు వినిపించింది. అది పక్క మంచం బిడ్డ. నీదీ అంతే. నేను మాత్రం ఎవరి మెట్ల మీదా కూర్చోలేదు." కటువుగానే అన్నాను. ఆ రోజు నువ్వు నా తల నిమురుతూ చెప్పిన మాటే ఆమెకి అప్పజెప్పాను. నాలుగేళ్ల కిందటి సంగతి తడబడకుండా చెప్పగలిగినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆమె ఎవరో రాయి. మతి స్థిమితం ఉన్న మనిషేనా?

నీ పిట్ట


ప్రసవాల గది
వానలు పడుతూనే ఉన్నాయి

పిట్టా,

ఉత్తరం రాయడానికి చేతులు ఖాళీ ఉండాలి కదే తల్లీ. ఈ వారంలో ఆరు కాన్పులు. రెండే మంచాలు. ఒకామెని బల్ల మీద పడుకోబెట్టాను. కిటికీ అద్దం పగిలి రెండేళ్లయింది, అట్టముక్క అడ్డం పెట్టాను, వానకి అది నాని ఊడిపోయింది. అద్దం కావాలని రాసిన కాగితాలు మీ ఆఫీసుకే వచ్చాయి, నువ్వే ఎక్కడో దాచి ఉంటావు.

పత్రం ఇస్తారంటే సంతోషమే. కాదని అబద్ధం ఎందుకు ఆడాలి? నాకు ముందు పనిచేసినావిడ బిడ్డల్ని నెత్తురూ జిడ్డుతో అలాగే గుడ్డలో చుట్టి చేతిలో పెట్టేది. నేను వచ్చిన మొదటి రోజే ఆ పద్ధతి మాన్పించాను. బొడ్డు కోసిన వెంటనే నేరుగా తొట్టి దగ్గరికి. సబ్బు, నీళ్ళు, మళ్ళీ సబ్బు. ఆ తెల్ల జిడ్డు చంకల్లో, తొడల మడతల్లో పిసరంత కూడా మిగలకూడదు. అరగంట పడుతుంది. పడితే పడనీ. లేనివాళ్ళ బిడ్డలైతే మురికిగా ఇవ్వాలని ఉందా? ఇక్కడి ఆడవాళ్ళు పొలాల్లో వంగి వంగి, తిన్నరోజు తిని తిననిరోజు మానేసి, గుప్పెడంత బిడ్డల్ని కంటారు. ఆ గుప్పెడంత బిడ్డే అయినా పెద్ద ఆసుపత్రిలో పుట్టినట్టు తళతళలాడుతూ చేతికొస్తే వాళ్ళ మొహాలు చూడాలి నువ్వు. నేను బతికేదే ఆ మొహాల కోసం.

బుట్టలామెకి మతి బాగానే ఉంది, నోరే బాగాలేదు. బిడ్డ పోయిన ప్రతి తల్లికీ ఏడుపు వినిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న దాన్ని, ఏ బిడ్డ ఏడ్చిందో ఏది ఏడవలేదో నాకు తెలీదా? దాని మాటలు నువ్వు చెవిన వేసుకోకు. మళ్ళీ వస్తే వాచ్‌మన్‌తో పంపించెయ్.

నీ ఆరోగ్యం జాగ్రత్త. మరిదిగారిని అడిగానని చెప్పు. మళ్ళీ పిల్లల సంగతి ఆలోచిస్తే ఈసారి నా దగ్గరికి రావద్దు, పట్నంలోనే చూపించుకో.

అక్క


జిల్లా ఆఫీసు
వానలు తగ్గాయి

అక్కా,

వాచ్‌మన్ పంపించలేదు. అతనికి బుట్ట ఒకటి అల్లి ఇచ్చిందట, ఇప్పుడు ఆమెకి కుర్చీ కూడా వేస్తున్నాడు. ఇది మూడోసారి రావడం. కడుపు తెలుస్తోంది. రెండు బస్సులు మారి వస్తుంది, తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు దాటిపోతే నడుస్తుంది.

నిన్న నా బల్ల దగ్గరికే వచ్చి నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. ఒక్క మాట అడిగింది. "వాడిని నా పక్కన పెట్టినప్పుడు జుట్టు తడిగా ఉందమ్మా. సబ్బు వాసన వచ్చింది. చచ్చి పుట్టిన వాడికి స్నానం ఎందుకు చేయిస్తారు?"

దీనికి జవాబు నీ దగ్గర ఉంటుంది కాబట్టి అడుగుతున్నాను.

ఆమె వెళ్ళాక ఊరికే ఉండలేక నీ రిజిస్టరు నకళ్ళు తీశాను. ఏడేళ్లలో చచ్చి పుట్టినవి ముప్ఫై ఒకటి. అందులో ఇరవై ఆరు చలికాలం నాలుగు నెలల్లోనే ఉన్నాయి. నవ్వొచ్చింది మొదట. తర్వాత రాలేదు. కడుపులోకి చలి ఎలా వెళ్తుందక్కా?

కొత్త డాక్టరమ్మ వచ్చింది, చిన్నపిల్ల, ఎవరికీ భయపడదు. ఊళ్ళల్లో పుట్టిన బిడ్డలు మొదటి రోజే ఎందుకు పోతున్నారో నర్సులందరికీ అర్థమయ్యేలా ఒక కాగితం తయారుచేస్తోంది. పెద్దసారుకి ఆ పిల్లంటే గిట్టదు.

ఒక్క లైను రాయమన్నది ఒకటి రెండు ఊపిరులు తీసిన వాళ్ళకి. నువ్వు ఎంతమందికి రాశావు?

పిట్ట


ప్రసవాల గది
చలి మొదలైంది

చెల్లీ,

నన్ను విచారణ చేస్తున్నావా? చెయ్యి. మెమో కూడా నువ్వే టైపు చేసుకో.

బుట్టలామె కొడుకు ఏడ్చాడు. సాయంత్రం దాకా ఉన్నాడు. సరిపోయిందా? ఎంతమందికి రాశానని అడిగావు. చాలామందికి రాశాను. మొదటివాడికి రాసినప్పుడు రెండుసార్లు కొట్టేసి రాశాను, తర్వాత ఎక్కడా కొట్టివేత లేదు. నాకు ఆ దారి చూపించింది ఎవరు? ఎనిమిది పేజీలు నింపే ఖాళీ నీకు లేదు అక్కా అన్నది ఎవరు? రాసిన చెయ్యి నాది, రాయమన్న చెయ్యి నీది. ఇద్దరం కలిసే చేశాం.

తల్లి దగ్గర మొదటి రోజు అబద్ధం చెప్పడం చాలా తేలిక. నీరసంగా పడి ఉంటుంది. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయి ఉంటుంది. పుట్టాక పోయిందని చెప్తే ఏం చేశారమ్మా అని అడుగుతుంది. చచ్చి పుట్టిందంటే తన కడుపునే తిట్టుకుని ఊరుకుంటుంది.

వాళ్ళని నేను చంపానని మాత్రం అనకు. ఏడుస్తారు, ఎర్రగా ఉంటారు, స్నానం చేయించి చుట్టి బుట్టలో పెడతాను. కాసేపటికి చూస్తే కాళ్ళు చల్లగా ఉంటాయి. పాలు తాగరు. మూలుగుతారు. తర్వాత ఆ మూలుగు కూడా ఉండదు. ఎందుకో నాకు తెలీదు. తిండిలేని తల్లుల బిడ్డలు, బలం చాలదు అనుకున్నాను. నాకు ఎవరైనా వచ్చి చెప్పారా ఎప్పుడైనా? మీ ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళు రిజిస్టరు చూస్తారు, గోడలు చూస్తారు, వెళ్తారు. ఆ డాక్టరమ్మ రాస్తున్న కాగితం ఉందన్నావు. అందులో ఎందుకు పోతున్నారో ఉంటే వెంటనే పంపు. ఈ నెలాఖరుకి బుట్టలామె కాన్పు. అది మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. ఎంత తిట్టుకున్నా ఇంకెక్కడికి పోతుంది?

అక్క


జిల్లా ఆఫీసు
సభకి పన్నెండు రోజులు

అక్కా,

కోపం తగ్గించుకో. నేను విచారణ చేయలేదు, నీ చెల్లెల్ని. జరిగింది జరిగింది, తవ్వుకుంటూ పోతే ఇద్దరం మునుగుతాం.

డాక్టరమ్మ కాగితం అచ్చయి వచ్చింది. కట్టలు నా సొరుగులోనే ఉన్నాయి. సభ అయ్యాక అన్ని కేంద్రాలకూ ఒకేసారి పంపుదామన్నారు పెద్దసారు. సభకి ముందు పంపితే ఇన్నేళ్లూ ఏం చేశారని ఎవరో ఒకరు అడుగుతారట. నేను చదివాను. నీకు తెలియనిది పెద్దగా ఏమీ లేదులే. పన్నెండు రోజులే కదా.

సభకి ఆ నీలం చీర కట్టుకో. ఫొటోలో బాగా పడుతుంది. నేను ముందు వరసలోనే కూర్చుంటాను.

పిట్ట


ప్రసవాల గది
సభ అయిన మూడో రోజు

పిట్టా,

పత్రానికి చట్రం కట్టించి తొట్టి పైన గోడకి తగిలించాను. వచ్చినవాళ్ళు ముందు దాన్నే చూస్తున్నారు. సభలో నువ్వు చప్పట్లు కొడుతున్నావే గానీ నా వైపు చూడలేదు. ఎండ కళ్ళలో పడుతోందేమో అనుకున్నాను.

బుట్టలామెకి సభకి ముందు రోజు ఉదయం కాన్పయింది. వారం ముందే వచ్చింది. ఆడపిల్ల. బాగా చిన్నది, కానీ గొంతు మాత్రం గది దాటి వినిపించింది. బిడ్డ ఏడుపు విని ఆమె నవ్వింది. "విన్నారు కదమ్మా, మీరు కూడా విన్నారు" అంది నాతో, గుర్తు పెట్టుకోమన్నట్టు. విన్నానన్నాను.

ఈసారి దీన్ని ఎలాగైనా నిలబెట్టాలనుకున్నాను పిట్టా, ఒట్టు. అందుకే ఇంకా జాగ్రత్తగా చేశాను. సబ్బు రెండుసార్లు కాదు, మూడుసార్లు. మురికి వల్లే ఏదో అంటుకుంటోందేమో, అందుకే పోతున్నారేమోనని నా అనుమానం. నీళ్ళు చల్లారుతుంటే మళ్ళీ కాచే తీరిక లేదు, పొయ్యి మీద పనిముట్లు మరుగుతున్నాయి. తుడిచి చుట్టి బుట్టలో పెట్టేసరికి పెదవులు నీలంగా అయ్యాయి. మధ్యాహ్నానికి పోయింది.

ఆమె ఈసారి గొడవ చేయలేదు. ఒక్క లైనే రాస్తారా అని అడిగింది. మర్నాడు సభ. నేను ఒక్క లైనే రాశాను. వాళ్ళత్త గుమ్మంలో నిలబడి, రెండు చచ్చినవాటిని కన్నదాన్ని ఇంట్లో పెట్టుకోలేం అని చెప్పి మనవరాలిని చూడకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడు బుట్టలామె బస్సులు ఆగే చోట రేకుల కింద ఉంటోంది. అక్కడే బుట్టలు అల్లుతోంది. నేను సభ నుంచి బస్సు దిగి పత్రం చంకలో పెట్టుకుని ఆమె ముందు నుంచే నడిచి వచ్చాను.

నీ సొరుగులో కాగితం ఉందన్నావు. ఇప్పుడైనా పంపుతావా?

అక్క


జిల్లా ఆఫీసు
అదే వారం, జీపు వెళ్ళేలోపు

అక్కా,

కాగితం ఇదే, దీనికి పిన్ను చేశాను. ఒక్క పేజీ. మొదటి వాక్యం చదువు. పుట్టిన రోజు బిడ్డకి స్నానం చేయించకూడదు. తుడిచి, తల్లి ఒంటికి ఆనించి, ఇద్దరి మీదా ఒకే దుప్పటి కప్పాలి. వెంటనే తల్లి పాలు పట్టాలి. ఆ తెల్ల జిడ్డు మురికి కాదు. చిన్న బిడ్డలు తడిస్తే చల్లబడతారు, చల్లబడితే పాలు తాగలేరు, ఊపిరి పీల్చలేరు. అంతే. నీళ్ళు లేకపోవడమే మందు.

నీకు తెలియనిది ఏమీ లేదని రాశాను. అబద్ధం రాశాను. చదివితే నువ్వు సభకి రావని నాకు తెలుసు. నువ్వు రాకపోతే ఎందుకని పట్టికలు తిరగేస్తారు, ఆ పట్టికలన్నీ నా చేతిరాత. పన్నెండు రోజులే కదా అనుకున్నాను. బుట్టలామె కూతురు ఆ పన్నెండు రోజుల్లోనే పుట్టి పోయింది. కాబట్టి దాన్ని నువ్వు ఒక్కదానివే చంపలేదు. నేను తెలిసి చంపాను, నువ్వు తెలియక చంపావు. ఇద్దరిలో ఎవరు నయమో నువ్వే చెప్పు.

రేకుల దగ్గరికి వెళ్ళాను. ఆమె ఇద్దరు బిడ్డలకీ ఎనిమిది పేజీలు నింపి, ఏడ్చారు, బతికారు, చల్లబడి పోయారు, తల్లి కడుపులో లోపం లేదు అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి చేతిలో పెట్టాను. ఆ రెండోదాంట్లో కారణం దగ్గర నా సొరుగు గురించి కూడా రాశాను. ఆమెకి చదవడం రాదు. మొత్తం నా చేతే చదివించుకుంది. అంతా విని కాగితాలు మడిచి, నన్ను లేచి వెళ్ళమంది. పెద్దసారుకి ఒక నకలు ఇచ్చాను. నాకు రేపటి నుంచి ఈ బల్ల ఉండదు.

ఇక మన సంగతి. ఆమె జుట్టు తడిగా ఉందన్న రోజే నాకు అర్థమైంది. నీకు రాయలేదు, నాకు నేనే చెప్పుకోలేదు. నా కూతుర్ని గుడ్డలో చుట్టి నా పక్కన పెట్టావు గుర్తుందా? నేను దాని చెవి తడిమాను. చెవి మడతలో సబ్బు నురుగు ఆరిపోయి తెల్లగా ఉంది. గోటితో తీశాను. నాలుగేళ్లుగా ఆ నురుగు నాకు గుర్తుంది గానీ ఎందుకు గుర్తుందో తెలీదు.

దాని ఫారం కూడా దీనితో పెట్టాను. పేరు పెట్టలేదు కాబట్టి పేరు దగ్గర గీత గీశాను. నాకు తెలిసినవి నింపాను. మిగతావి నర్సు నింపాలి. అక్కగా వద్దు, నర్సుగా నింపు. చివరి ప్రశ్న ఫారంలో లేదు, పెన్నుతో నేను చేర్చాను.

ఇకమీదట ఉత్తరం రాయను.


ప్రసవాల గది

నర్సు నింపవలసినవి.

బిడ్డ పుట్టిన సమయం: ఉదయం ఏడు దాటి పది నిమిషాలు.

బరువు: రెండు కిలోలకి కొంచెం తక్కువ.

పుట్టగానే ఏడ్చిందా: ఏడ్చింది. గట్టిగా.

స్నానం చేయించారా: చేయించాను. అందరికంటే ఎక్కువసేపు చేయించాను. నా చెల్లెలి బిడ్డ అని.

తర్వాత ఎక్కడ ఉంచారు: బుట్టలో. కిటికీ పక్కన.

తల్లి పాలు ఎప్పుడు పట్టారు: పట్టలేదు. కుట్లు వేశాక తల్లి మగతగా ఉంది. లేపితే పట్టేదేమో. లేపలేదు.

ఎంతసేపు బతికింది: నాలుగు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు.

మరణానికి కారణం: నేను.

ఎవరి బిడ్డ ఏడుస్తోందని తల్లి అడిగినప్పుడు ఏం చెప్పారు: పక్క మంచం బిడ్డ అని చెప్పాను. ఆమె సరేనని కళ్ళు మూసుకుంది. ఆ రోజు పక్క మంచంలో ఎవరూ లేరు.